ఆరు టైర్ల బండికి నాలుగు చాలా?

అమెరికాలో పికప్ ట్రక్కు తొట్టిలో ఎక్కించుకుని తిరిగే చిన్న ఇంటిని ట్రక్ క్యాంపర్ అంటారు. మంచం, పొయ్యి, ఫ్రిజ్, మరుగుదొడ్డి, నీళ్ల ట్యాంకు అన్నీ అందులోనే. పెద్ద రకమైతే నీళ్లూ సామానూ నిండాక రెండు టన్నుల దాకా తూగుతుంది. అంత బరువు మోయడానికి ఫోర్డ్ ఎఫ్-350, రామ్ 3500 వంటి బళ్లలో వెనక ఇరుసుకు అటు రెండు, ఇటు రెండు టైర్లున్న రకాన్ని ఎంచుకుంటారు. దాని వాడుక పేరు డ్యూయలీ. మన టాటా 407ను వెనక నుంచి చూసినవాళ్లకు ఆ అమరిక కొత్తదేం కాదు. విచిత్రమేమిటంటే, ఇలాంటి బళ్లు కొన్నవాళ్లలో కొందరు చాలా డబ్బు పోసి మరీ ఆ జంట టైర్లు ఊడదీయించి, పక్కకొకటి చొప్పున పెద్ద టైర్లు బిగించుకుంటారు. మోయాల్సిన బరువు మాత్రం అంతే ఉంటుంది.

కారణం తారురోడ్డు దిగాక తెలుస్తుంది. జంట టైర్ల సందులో రాయి ఇరుక్కోవడం ఏ లారీ క్లీనర్ని అడిగినా చెప్పే బాధే. బండి ఆపినప్పుడల్లా వంగి చూసి, గడపారతో పొడిచి రాయి తీయాలి. తీయకపోతే అది రెండు టైర్ల పక్కగోడలనూ కోసేస్తుంది. అలాస్కాలో డాల్టన్ హైవే 666 కిలోమీటర్లు, చాలా భాగం కంకరే. కాలిఫోర్నియా డెత్ వ్యాలీలో రేస్‌ట్రాక్ అనే ఎండు సరస్సుకు వెళ్లే దారి పంచర్లకే పేరుపడింది. అలాంటి చోట లోపలి టైరు పోతే ముందు బయటి టైరు విప్పాలి. పైగా డ్యూయలీ వెడల్పు ఎనిమిది అడుగులు. అదే కంపెనీ ఒంటి టైర్ల పికప్ ఆరడుగుల ఎనిమిదంగుళాలే. అడవి దారిలో చెట్ల మధ్య ఆ తేడా చాలా పెద్దది.

ఇసుకలో కథ ఇంకా ముదురుతుంది. ముందు చక్రం ఇసుకను అణిచి గాడి చేస్తుంది. వెనక చక్రం అదే గాడిలో నడిస్తే ఇంజనుకు శ్రమ తగ్గుతుంది. వెనక జంట టైర్లుంటే వాటి వెడల్పు ఆ గాడిలో పట్టదు, కొత్త ఇసుకను మళ్లీ తొక్కుకుంటూ పోవాలి. ఇసుకలో దిగేముందు గాలి తగ్గించడం అందరూ చేసే పని. గాలి తగ్గితే టైరు నేలమీద పొడుగ్గా పరుచుకుంటుంది, కూరుకుపోదు. జంట టైర్లలో గాలి బాగా తగ్గిస్తే రెండింటి పొట్టలూ ఉబ్బి ఒకదానికొకటి రాసుకుంటాయి, వేడెక్కి పాడవుతాయి. ఆస్ట్రేలియాలో సింప్సన్ ఎడారి దాటాలనుకునేవాళ్లు ఇసుజు, ఫ్యూసో చిన్న లారీలకు ఈ మార్పు చేయించుకునేది ఇందుకే.

సైన్యం ఈ లెక్క ఎప్పుడో తేల్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా వాడిన జీఎంసీ రెండున్నర టన్నుల లారీకి వెనకంతా జంట టైర్లే. అదే లారీ ఆధారంగా నీళ్లలోనూ నేలమీదా నడిచే డక్ అనే బండి చేసినప్పుడు, సముద్రపు ఇసుక ఎక్కాలి కాబట్టి ఆరు చోట్లా ఒంటి టైర్లు పెట్టారు. డ్రైవరు కూర్చున్న చోటి నుంచే గాలి తగ్గించి పెంచే ఏర్పాటూ దానికి వచ్చింది. తర్వాతి తరం ఎం35 లారీల్లోనూ 1990లలో జంట టైర్లు తీసి పెద్ద ఒంటి టైర్లతో ఎం35ఏ3గా మార్చారు.

ఇంతవరకూ విన్నవాళ్లకు వెంటనే టైర్లు మార్చేయాలనిపిస్తుంది. తూకం లెక్క చూడకుండా మార్చేవాళ్లే దెబ్బతింటారు. ప్రతి టైరు పక్కగోడ మీదా లోడ్ ఇండెక్స్ అని ఒక అంకె ఉంటుంది. ఎఫ్-350 డ్యూయలీకి వచ్చే 17 అంగుళాల రిమ్ము టైరు మీద 121/118 అని ఉంటుంది. ఒంటిగా ఉంటే 1,450 కిలోలు, జంటలో ఉంటే 1,320 కిలోలు మోస్తుందని అర్థం. జంటలో ఎందుకు తగ్గాలి? కాడికి కట్టిన ఎడ్లలో ఒకటి ఎప్పుడూ ఎక్కువ లాగినట్టే, రెండు టైర్లూ బరువును సమానంగా పంచుకోవు. ఒకదానిలో గాలి కాస్త తగ్గినా, ఒకటి కాస్త అరిగినా, రోడ్డు నడుమ ఉబ్బెత్తుగా ఉన్నా భారం రెండోదాని మీదికి పోతుంది. అందుకే కంపెనీవాళ్లు ముందే తగ్గించి రాస్తారు. అలా తగ్గించినా నాలుగు టైర్లూ కలిసి 5,280 కిలోలు మోస్తాయి. వాటి బదులు మామూలు పికప్ టైర్లు, 125 ఇండెక్సువి, రెండు బిగిస్తే మొత్తం 3,300 కిలోలు. దాదాపు రెండు టన్నుల బలం ఒక్కసారిగా పోయింది. క్యాంపర్ బరువూ ఇంచుమించు అంతే! చూడ్డానికి టైరు లావుగా, గరుగ్గా ఉందని మోసపోయేది ఇక్కడే.

కాబట్టి సరైన మార్పుకు లారీ టైర్లే కావాలి. 335/80ఆర్20 అనే కొలత టైరు సుమారు 41 అంగుళాల ఎత్తు. కాంటినెంటల్ తయారుచేసే రకం ఒక్కోటీ 3,250 కిలోలు మోస్తుంది, గంటకు 110 కిలోమీటర్ల వేగం దాకా. కొలరాడోలోని ఎర్త్‌రోమర్ కంపెనీ ఎఫ్-550 చాసిస్ మీద కట్టే ఇళ్లబళ్లకు 41 అంగుళాల ఒంటి టైర్లే వాడుతూ వచ్చింది. ఎఫ్-550 వేరే తరగతి బండి, మొత్తం బరువు 8,845 కిలోల దాకా అనుమతి ఉన్నది. మామూలు పికప్‌కు అంత టైరు పట్టించాలంటే బాడీ కోయాలి, కమాన్లు లేపాలి.

టైరు ఒక్కటే మారిస్తే కుదరదు, రిమ్మూ మారాలి. జంట చక్రాల రిమ్ము బాగా లోతుగా ఉంటుంది. రెండింటినీ వీపులు కలిపి బిగిస్తారు కాబట్టి బరువు ఆ రెండింటి నడుమ, హబ్బు బేరింగుల దగ్గరే పడుతుంది. అవే రిమ్ములతో బయటి చక్రం ఒక్కటే ఉంచితే బరువు బయటికి జరిగి బేరింగును మెలిపెడుతుంది, లోపలిది ఒక్కటే ఉంచితే వెనక భాగం ఇరుకై బండి ఊగుతుంది. టైరు మధ్యగీత పాత జంట మధ్యలో పడేలా చేసిన రిమ్ము కావాలి, దాని మీద కూడా ఎంత బరువుకు పరీక్షించారో ముద్ర ఉండాలి. చౌకగా దొరికే స్పేసర్లతో సర్దుకోవడం ఈ బరువులకు నాకు నచ్చని పని.

ఎఫ్-550కి కంపెనీ ఇచ్చే 19.5 అంగుళాల రిమ్ము టైరు ఎత్తు 32 అంగుళాల లోపు. దాన్ని 41 అంగుళాలకు మార్చితే చుట్టుకొలత 29 శాతం పెరుగుతుంది. స్పీడోమీటరు 80 చూపిస్తుంటే బండి 100 దాటి పోతుంటుంది. ఘాట్ ఎక్కడానికి ఇంజను ఈడుస్తుంది. బ్రేకు డిస్కు మారలేదు కాబట్టి అదే తొక్కుడుకు నేల దగ్గర ఆపే బలం ఐదో వంతుకు పైగా తగ్గుతుంది. డిఫరెన్షియల్ గేర్లు మార్చడం, స్పీడోమీటరు సరిచేయడం కూడా ఖర్చులో కలుపుకోవాలి.

జంట టైర్లకున్న మంచిని తీసిపారేయకూడదు. క్యాంపర్ ఎత్తైన పెట్టె. ఈదురుగాలి కొట్టినా పెద్ద లారీ పక్కనుంచి దూసుకుపోయినా అటూ ఇటూ ఊగుతుంది, ఆ ఊపును వెడల్పాటి వెనక భాగమే ఆపుతుంది. హైవే మీద ఒక టైరు పేలినా రెండోది బండిని నిలబెట్టి పక్కకు తీసుకునే వ్యవధి ఇస్తుంది. ఒంటి టైరు పేలితే ఆ మూల నేరుగా కిందికి కూలుతుంది. తారురోడ్డు మీద ఒక క్యాంపింగ్ స్థలం నుంచి ఇంకో దానికి వెళ్లే కుటుంబానికి, నన్నడిగితే, డ్యూయలీయే నయం.

మన దేశంలో ఈ సరదా పడేవాళ్లకు చట్టం అడ్డు ఉంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. సుప్రీంకోర్టు 2019 జనవరిలో కేరళ కేసులో దాన్ని గట్టిగా చెప్పింది. అమెరికాలో ఇంత కట్టడి లేదు కానీ, డోరు అంచున అంటించిన స్టిక్కరు మీది మొత్తం బరువు అంకె పెద్ద టైర్లు వేసినంత మాత్రాన పెరగదు. ఇరుసు, కమాన్లు, ఫ్రేము పాతవే కదా.

అమెరికా హైవేల పక్కన లారీలు ఆగే చోట్ల క్యాట్ స్కేల్ అనే కాటాలుంటాయి. ట్యాంకు నింపి, మనుషులు ఎక్కి, సైకిళ్లూ బట్టలూ అన్నీ సర్దాక బండిని అక్కడ నిలబెడితే ముందు ఇరుసు బరువు, వెనక ఇరుసు బరువు విడివిడిగా చీటీ మీద వస్తాయి. వెనక అంకె స్టిక్కరు మీద వెనక ఇరుసుకు రాసిన హద్దును ముందే దాటి ఉంటే టైర్ల దుకాణానికి వెళ్లి లాభం లేదు. ముందు క్యాంపర్‌లోంచి సామాను దించాలి.