గురి చూచువారి చెవులు

పటాన్‌చెరు నుండి సంగారెడ్డి వరకు బొంబాయి రోడ్డునకు ఇరుప్రక్కల నివసించు కుటుంబములకు చప్పుడు క్రొత్త కాదు. రామచంద్రాపురమున భారత్ హెవీ ఎలక్ట్రికల్స్, ఎద్దుమైలారమున 1984లో వెలసిన ఆయుధ కర్మాగారము, పాశమైలారము, బొల్లారము పారిశ్రామిక వాడలు - ఇన్నింటి మధ్య ప్రెస్సులు, కంప్రెసర్లు, గ్రైండింగు రాళ్లు రేయింబవళ్లు పలుకుచునే యుండును. ఈ ఇండ్ల పిల్లలలో కొందరిని ఇటీవలి కాలమున మరియొక చప్పుడు ఆకర్షించుచున్నది. అది రైఫిలు చప్పుడు. హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్సులో 10 మీటర్ల ఎయిర్ రైఫిలు పోటీయందు కాంస్య పతకము గెలిచిన పిమ్మట ఈ క్రీడ పేరు సామాన్య గృహములకు కూడ చేరినది. గచ్చిబౌలి వైపున విశ్వవిద్యాలయ ప్రాంగణమునందలి రేంజి పటాన్‌చెరునకు పదిపదిహేను కిలోమీటర్ల దూరములోనే కలదు.

పిల్లవానిని రేంజికి పంపు తండ్రి కోటు, చేతిజోడు, రైఫిలు, తూటాల ఖర్చు లెక్క వేయును. చెవికి పెట్టుకొనవలసిన వస్తువును గూర్చి మాత్రము చివరకు, అదియు అంగడివాని మాట మీద, నిర్ణయించును. ఎక్కువ ధర పెట్టినంత మాత్రమున చెవికి ఎక్కువ రక్షణ కలుగదు. అందువలన ఈ ఎంపికను గూర్చి కొంత వివరముగా చెప్ప దలచితిమి.

ముందుగా తుపాకి చప్పుడునకును, కర్మాగారపు చప్పుడునకును గల భేదము తెలియవలెను. ధ్వనిని డెసిబెళ్లలో కొలుతురు. ఇది కూడికల లెక్క కాదు, హెచ్చవేతల లెక్క. 3 డెసిబెళ్లు పెరిగినచో ధ్వని శక్తి రెండింతలగును. 10 పెరిగినచో పదింతలగును. మన దేశములో ఫ్యాక్టరీలకు ఏర్పరచిన నమూనా నియమములు దినమునకు 8 గంటలు పనిచేయువానికి 90 డెసిబెళ్లను హద్దుగా పెట్టినవి. 5.6 మిల్లీమీటర్ల రైఫిలు, అనగా 50 మీటర్ల పోటీలో వాడు పాయింట్ టూటూ రైఫిలు, పేలినప్పుడు కాల్చువాని చెవి యొద్ద క్షణకాలపు తీవ్రత సుమారు 140 డెసిబెళ్ల వరకు పోవును. 90కిని 140కిని నడుమ 50 డెసిబెళ్లు. తీవ్రతలో అది లక్ష రెట్ల భేదము. పెద్ద తూటా వాడు 300 మీటర్ల రైఫిళ్లు 160 డెసిబెళ్లను దాటగలవు.

ఆ నియమములలోనే పేలుడు వంటి చప్పుళ్లకు వేరు పట్టిక కలదు. 140 డెసిబెళ్ల దెబ్బలు దినమునకు 100కు మించరాదనియు, 130 అయినచో 1000 వరకు ఉండవచ్చుననియు, 140 దాటిన చప్పుడు ఒక్కటియు పనికిరాదనియు అందు చెప్పబడినది. ఇప్పుడు రేంజి లెక్క చూతము. 50 మీటర్ల పోటీలో లెక్కకు వచ్చు గుండ్లు 60. వానికి ముందు గురి సరిచూచుకొనుటకు కాల్చునవి వేరు. ఇరుగు పొరుగు వరుసలవారు కాల్చునవి మన చెవికి ఉచితముగా లభించును. పైన రేకుల కప్పు, ప్రక్కల గోడలు ఉన్నచో ప్రతి మ్రోతయు తిరిగి వచ్చును. ఒక్క ఉదయపు సాధనలోనే నూరు దాటుట ఎంత సులభమో దీనినిబట్టి తెలియును. కర్మాగారములో తండ్రిని కాపాడుటకు చట్టమున్నది, తనిఖీదారు ఉన్నాడు. చప్పుడు వలన కలుగు చెవుడును 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము మూడవ షెడ్యూలు ప్రభుత్వమునకు తెలుపవలసిన వ్యాధులలో చేర్చినది. ఆటకు పోవు కుమారునకు అట్టి తనిఖీదారు లేడు. ఇంటివారే చూచుకొనవలెను.

చెవిలో జరుగు హాని ఎట్టిది? కర్ణభేరికి ఆవల, లోచెవిలో నత్తగుల్ల వలె చుట్టుకొనియున్న కర్ణావర్తము కలదు. అందు వేల కొలది సూక్ష్మ రోమకణములు వరుసలు తీరి యుండును. ధ్వనిని నరముల భాషలోనికి మార్చునవి ఇవియే. చర్మము తెగినచో అతుకును, ఎముక విరిగినచో కట్టుకొనును. మనుష్యుని చెవిలో ఈ కణములు చచ్చినచో మరల మొలవవు. పెద్ద చప్పుడు వినబడినప్పుడు నడిమిచెవిలోని చిన్న కండరము బిగిసి కొంత అడ్డుకొనుట నిజమే గాని, అది పూర్తిగా బిగియుటకు సెకనులో సుమారు పదవ వంతు పట్టును. తుపాకి దెబ్బ సెకనులో వేయవ వంతులోనే లోపలికి చేరిపోవును. దొంగ పోయిన తరువాత తలుపు వేసినట్లే.

ఈ హాని మొదట 4000 హెర్ట్జుల చుట్టుపక్కల, అనగా సన్నని కీచు స్వరముల యొద్ద, ఆరంభమగును. మాటలో అచ్చులు బరువైనవి, స, శ, త, ఫ వంటి హల్లులు తేలికయైనవి. ముందు పోవునవి ఈ తేలిక హల్లులే. కావున రోగి తనకు చెవుడు వచ్చినదనుకొనడు. ఎదుటివారు స్పష్టముగా మాట్లాడుట లేదని విసుగుకొనును. ఇంటిలో రేడియో గొంతు పెంచును. వార్తలు చదువువారు గొణుగుచున్నారని మాకు జాబులు వ్రాయువారిలో కొందరైనను ఈ కోవలోనివారు కావచ్చునని మా అనుమానము! మరియొక విశేషము: కుడి భుజమున రైఫిలు ఆనించువానికి ఎడమ చెవి ముందుగా చెడును. తల రైఫిలు వైపు తిరిగియుండుటచేత ఎడమ చెవి గొట్టపు మూతికి ఎదురగును. కుడి చెవి తల చాటున నుండును. ఎడమ చేతివాటము వారికి ఇది తారుమారు.

గురికి చెవితో పనియేమి, కన్నుండిన చాలదా అని ఎవరైన అడుగవచ్చును. మన హైదరాబాదు యువకుడు ధనుష్ శ్రీకాంత్ వినికిడి లోపముతోనే ఎయిర్ రైఫిలు అభ్యసించి, 2022లో బ్రెజిలు దేశపు కాషియాస్ దొ సూల్ నగరమున జరిగిన బధిరుల ఒలింపిక్సులో స్వర్ణము గెలిచెను. 2025లో టోక్యోలో మరల గెలిచెను. ఆ క్రీడలలో వినికిడి యంత్రములు తీసివేసి పోటీ చేయవలెననునది నియమము. గురికి చెవి అక్కరలేదనుటకు ఇంతకు మించిన సాక్ష్యము వలదు. అయినను, ఉన్న వినికిడిని ఆటలో పోగొట్టుకొనుట వేరు సంగతి. పైగా చెవి మూసికొననివాడు ప్రతి పేలుడునకు ముందే రెప్ప వేయును, భుజము బిగించును. గుండు పక్కకు పోవును. ఆరోగ్యము మాట చెవిని పెట్టని కుర్రవాండ్రు మార్కుల మాట చెప్పినచో వెంటనే విందురు.

ఇక వస్తువుల సంగతి. దూది చెవిలో పెట్టుకొనుట మనవారికి అలవాటు. చలిగాలికి అది చాలును గాని, పేలుడునకు ఇంచుమించు పెట్టుకొననట్లే. పాటలు వినుటకు ఫోనునకు తగిలించు ఇయర్‌ఫోన్లును ఇట్టివే. నిజమైన సాధనములు రెండు జాతులు: చెవి రంధ్రములో దూర్చు ఇయర్‌ప్లగ్గులు, చెవిని పైనుండి కప్పు ఇయర్‌మఫ్‌లు.

రైఫిలు వారికి ఇయర్‌మఫ్‌తో ఒక చిక్కు కలదు. పిస్తోలు కాల్చువాడు చేయి చాచి నిలుచును. అతని చెంపకు ఏదియు తగులదు. రైఫిలు వాడు మడమ మీది పలకకు చెంప ఆనించవలెను. లావుపాటి మఫ్ గిన్నె అంచు ఆ పలకకు తగిలి పైకి లేచును. వ్రేలంత సందు కూడ అక్కరలేదు, వెండ్రుక పాటి సందు చాలును. చప్పుడు అందుండి దూరిపోవును. కండ్లద్దముల కాడలు కూడ ఇట్లే సందు చేయును. తల సర్దుకొనుటకు ప్రయత్నించినచో గురి చెడును. కావున రైఫిలు వారికి మొదట ఇయర్‌ప్లగ్గునే మేము సూచింతుము. మఫ్ కావలెననువారు సన్నని గిన్నెలు గలదానిని ఎంచి, కొనుటకు ముందు తమ రైఫిలునకు చెంప ఆనించి నిలువుగాను, మోకాలి మీదను, పడుకొనియు చూడవలెను. అంగడిలో కూర్చుండి పెట్టుకొని చూచుట వృథా.

ఇయర్‌ప్లగ్గులలో అన్నింటికంటె చౌకయైనది స్పాంజిది. సరిగా పెట్టుకొన్నచో అది ఖరీదైనవానికి ఏ మాత్రమును తీసిపోదు. అయితే దానిని పదిమందిలో ఎక్కువమంది తప్పుగా పెట్టుదురు. బిళ్లను వ్రేళ్ల నడుమ నులిమి, ముడుతలు లేకుండ సన్నని వత్తివలె చేయవలెను. రెండవ చేతిని తల మీదుగా త్రిప్పి చెవి పై అంచును పైకిని వెనుకకును లాగవలెను. అప్పుడు వంకర రంధ్రము తిన్ననగును. వత్తిని లోనికి దూర్చి, అది ఉబ్బు వరకు అర నిమిషము వ్రేలితో పట్టియుంచవలెను. ఎదుటివానికి బిళ్ల బయటికి పొడుచుకొని కనబడినచో అది పడలేదన్నమాట. రెండు అరచేతులతో చెవులు గట్టిగా మూసి తెరచి చూడుడు. చప్పుడులో పెద్ద తేడా లేనిచో సరిగా పడినట్లు. తూటాలలో సీసముండును గనుక వానిని ముట్టిన చేతులతో బిళ్లను నులుమరాదు. ముందు చేతులు కడుగుకొనవలెను.

మెట్లుమెట్లుగా రెక్కలున్న సిలికాను ప్లగ్గులను సబ్బుతో కడిగి మరల మరల వాడవచ్చును. చెవి అచ్చు తీసి చేయించునవి చాల కాలము హాయిగా నుండును. కాని పెరుగు పిల్లలకు చెవియు పెరుగును, అచ్చు వదులగును. పదునారు పదునేడేండ్ల లోపు వారికి ఆ ఖర్చు వలదని మా సలహా. సన్నని రంధ్రముతో చేసిన మరియొక రకము కలదు. అది మెల్లని మాటను లోనికి రానిచ్చి పేలుడును మాత్రము అడ్డగించును. రేంజిలో ఆజ్ఞలు వినుటకు అది అనుకూలమే. కాని దానిని తండ్రి ప్రెస్సు షాపునకు తీసికొని పోరాదు. ఎడతెగని యంత్రపు రొదకు ఆ రంధ్రము తెరచిన తలుపు.

మాటను పెంచి పేలుడును తగ్గించు ఎలక్ట్రానిక్ మఫ్‌లు శిక్షకునకు సాధన వేళ మిక్కిలి ఉపయోగము. పోటీదారు మాత్రము తొందరపడి కొనరాదు. ధ్వనిని గ్రహించి అందించు పరికరము గల చెవికప్పులను అంతర్జాతీయ షూటింగు క్రీడా సమాఖ్య నియమములు పోటీ స్థలమున పోటీదారునకు అనుమతింపవు. సాధనలో ఒకటి, పోటీలో మరియొకటి వాడినచో గురికి అలవాటు తప్పును.

పెట్టె మీది అంకెలను చూచి మోసపోరాదు. ఎన్.ఆర్.ఆర్. అనునది అమెరికా కొలత, ఎస్.ఎన్.ఆర్. ఐరోపా కొలత, ఒకే వస్తువునకు రెండవది సాధారణముగా కొంత ఎక్కువ చూపును. రెండింటిని పోల్చరాదు. మన దేశపు ప్రమాణము ఐ.ఎస్. 9167. ఈ అంకెలు ప్రయోగశాలలో నేర్పుగలవారు జాగ్రత్తగా పెట్టుకొన్నప్పుడు వచ్చినవి. అమెరికాలో పని స్థలములకు ఒక మోటు లెక్క కలదు: ఎన్.ఆర్.ఆర్. నుండి 7 తీసి, మిగిలినదానిని సగము చేయుట. 30 అని వ్రాసినది ఆ లెక్కకు 11న్నర మాత్రమే. ప్లగ్గు మీద మఫ్ పెట్టినచో 30కి 25 కలిసి 55 కాదు. మేలైనదానికి సుమారు 5 చేరును. తల ఎముకల గుండ కూడ ధ్వని లోచెవికి పోవుటయే ఇందుకు కొంత కారణము. అయినను పెద్ద రైఫిళ్లకును, కప్పు వేసిన రేంజికిని ఆ 5 విలువైనదే.

అన్నింటికంటె ముఖ్యమైన లెక్క మరియొకటి. 30 డెసిబెళ్లు తగ్గించు సాధనమును చప్పుడున్న కాలములో సగము సేపు మాత్రమే పెట్టుకొన్నచో దక్కు రక్షణ 15 కాదు, కేవలము 3. పదింట తొమ్మిది వంతుల సేపు పెట్టుకొన్నను 10 మాత్రమే. తన వంతు ముగిసినదని ప్లగ్గు తీసి వరుస వెనుక నిలుచుండి మాటలాడుకొను పిల్లలను, వారిని చూడవచ్చిన తల్లిదండ్రులను రేంజిలో ఎప్పుడైనను చూడవచ్చును. పక్కవాని తుపాకి వారి కొరకు ఆగదు.

10 మీటర్ల ఎయిర్ రైఫిలు సంగతి వేరు. అందు మందుగుండు లేదు, అదిమిన గాలియే గుండును త్రోయును. చప్పుడు చాల తక్కువ. ఇక్కడ చాలమంది ప్లగ్గు పెట్టుట ఏకాగ్రతకే. క్రొత్తవారికి చెవి మూయగానే తమ ఊపిరియు, గుండె చప్పుడును పెద్దగా వినబడి కలవరము కలుగును. రెండు వారములలో అలవాటగును. వీరికి చౌక స్పాంజి బిళ్ల చాలును. ప్రక్క గోడ కావల పిస్తోలు రేంజి ఉన్నచో మాత్రము తేలికగా తీసికొనరాదు.

చెవి కారుచున్న పిల్లలకు, గుబిలి గట్టిపడినవారికి ప్లగ్గు పనికిరాదు. వైద్యునికి చూపువరకు మఫ్ వాడవలెను. మన వేసవిలో చెమటకు మఫ్ మెత్తలు గట్టిపడి పగులును. అట్టి మెత్త సందు విడుచును గనుక మార్చవలెను.

ఇంటిలో చేయదగిన పరీక్ష యొకటి కలదు. రేంజికి పోవు ఉదయమున రేడియోను మాట స్పష్టముగా వినబడునంత తక్కువలో నిలిపి, ఆ గుర్తును కదల్పక ఉంచుడు. తిరిగివచ్చిన పిమ్మట అదే గుర్తు వద్ద మాట మసకగా వినబడినను, చెవిలో గీయని రొద ఉన్నను, నాటి రక్షణ చాలలేదన్నమాట. ఒక రాత్రి విశ్రాంతితో అది సర్దుకొనినట్లు తోచును; అంతమాత్రమున కణములన్నియు క్షేమమని కాదు. తుపాకి పట్టకముందే ఒకసారి వినికిడి పరీక్ష చేయించి ఆ పటమును దాచుట మంచిది. కోఠీలోని ప్రభుత్వ చెవి ముక్కు గొంతు ఆసుపత్రి వంటి చోట్ల ఇది జరుగును. పగటి ప్రెస్సు షాపులో పనిచేసి ఆదివారము రేంజికి పోవు యువకులు పరీక్షకు ముందటి దినమున రెండు చప్పుళ్లకును దూరముగా ఉండవలెను. లేనిచో తాత్కాలికపు మాంద్యము పటములో కలిసిపోవును. ఏటేట క్రొత్త పటమును పాతదాని ప్రక్కన పెట్టి 4000 యొద్ద గీత క్రిందికి జారినదేమో, ఎడమ చెవి కుడిదానికంటె వెనుకబడినదేమో చూడవలెను.