మన మిక్సీ అమెరికాలో తిరుగుతుందా?

పై చదువుకో, ఉద్యోగానికో అమెరికా ప్రయాణమయ్యేవాళ్ల ఇంట్లో ఒక తగాదా తప్పకుండా వస్తుంది. పచ్చళ్లు, పొడులు, బట్టలు సర్దడం అయ్యాక అందరూ మిక్సీ దగ్గర ఆగుతారు. "తీసుకెళ్లు, చట్నీకి అక్కడేం చేస్తావు?" అంటుంది అమ్మమ్మ. "అక్కడి కరెంటు వేరు, కాలిపోతుంది" అంటాడు మామయ్య. చాలా విమానాల్లో ఒక్కో పెట్టెకు 23 కిలోలే అనుమతి. అందులో మిక్సీ, జార్లు కలిసి ఐదారు కిలోలు తినేస్తాయి. ఎవరి మాట వినాలి? విద్యుత్తు పాఠం చదువుకున్న మీరే ఈ తీర్పు చెప్పగలరు.

ముందుగా మిక్సీని తిరగేసి చూడండి. అడుగున అంటించిన చిన్న చీటీ మీద 230 వోల్టులు, 50 హెర్ట్జ్‌లు, 750 వాట్లు అన్నట్లుగా ఉంటుంది. మన ఇళ్లకు వచ్చే విద్యుత్తు అదే. అమెరికా ఇళ్లలో గోడ సాకెట్టుకు వచ్చేది 120 వోల్టులు, 60 హెర్ట్జ్‌లు. వోల్టులు దాదాపు సగం కనుక పని కూడా సగమే జరుగుతుందని అనుకుంటున్నారా? అక్కడే పొరపాటు.

ఇస్త్రీ పెట్టెతో లెక్క వేద్దాం. సామర్థ్యం అంటే వోల్టేజి వర్గాన్ని నిరోధంతో భాగిస్తే వచ్చేది కదా! 230 వోల్టుల దగ్గర 1000 వాట్లు ఇచ్చే ఇస్త్రీ పెట్టె తీగ నిరోధం సుమారు 53 ఓమ్‌లు. అదే తీగకు 120 వోల్టులు ఇస్తే వచ్చేది 272 వాట్లు. అంటే పావు వంతుకు కొంచెం ఎక్కువ. పెట్టె కాలిపోదు. గోరువెచ్చగా కూర్చుంటుంది, చొక్కా ముడతలు మాత్రం పోవు. కెటిలు, రైస్ కుక్కరు వంటి వేడి వస్తువులన్నిటిదీ ఇదే కథ. వాటిని ఇక్కడే వదిలేయడం మేలు.

ఇక మిక్సీ. దీని మోటారులో కార్బన్ బ్రష్‌లు ఉంటాయి. ఏకముఖ విద్యుత్తుకైనా, ఏకాంతర విద్యుత్తుకైనా ఇది తిరుగుతుంది కాబట్టి 50 హెర్ట్జ్‌లా, 60 హెర్ట్జ్‌లా అన్నది దీనికి పెద్ద పట్టింపు కాదు. వోల్టులు మాత్రం పట్టింపే. 120 వోల్టుల మీద అది నీరసంగా తిరుగుతుంది. గట్టి పప్పు వేస్తే మూలిగి ఆగిపోవచ్చు. ఆగిన మోటారు చుట్టల్లో విద్యుత్తు ప్రవహిస్తూనే ఉంటుంది, చల్లార్చే ఫంకా తిరగదు. అలాగే వదిలేస్తే మామయ్య మాట నిజమవుతుంది.

"ట్రాన్స్‌ఫార్మరు పెట్టి వోల్టులు పెంచుకోవచ్చు కదా?" అని మీలో ఒకరు తప్పక అడుగుతారు. పెంచుకోవచ్చు. కాని మోటారు కదలడం మొదలుపెట్టే క్షణంలో మామూలుకన్నా చాలా ఎక్కువ విద్యుత్తు లాగుతుంది. 750 వాట్ల మిక్సీకి దాదాపు రెట్టింపు శక్తి గల ట్రాన్స్‌ఫార్మరు కావాలి. ఇనుము, రాగి నిండిన ఆ పెట్టె మిక్సీకన్నా బరువుగా ఉండవచ్చు. గుర్రం కన్నా జీను బరువన్నమాట.

అయితే ట్రాన్స్‌ఫార్మరు వోల్టులను మార్చగలదు గాని, హెర్ట్జ్‌లను మార్చలేదు. తడి పిండి రుబ్బే గ్రైండరుకు ఇదే చిక్కు. దానిలో బ్రష్‌లు లేని ప్రేరణ మోటారు ఉంటుంది. దాని వేగాన్ని పౌనఃపున్యమే శాసిస్తుంది. నాలుగు ధ్రువాల మోటారులో అయస్కాంత క్షేత్రం 50 హెర్ట్జ్‌ల దగ్గర నిమిషానికి 1500 సార్లు తిరిగితే, 60 దగ్గర 1800 సార్లు తిరుగుతుంది. మోటారు దాని వెంట కాస్త వెనకగా పరుగెడుతుంది. అంటే మన గ్రైండరు అక్కడ అయిదో వంతు ఎక్కువ వేగంతో తిరగాలని చూస్తుంది. దాని బెల్టు, బేరింగులు ఆ వేగానికి తయారైనవి కావు. కరెంటు అలలను లెక్కపెట్టి కాలం చూపే గడియారమైతే మరీ తమాషా. మన దేశం కోసం చేసింది అక్కడ గంటలో 72 నిమిషాలు నడుస్తుంది!

ఇన్ని రకాలు ఎందుకు వచ్చాయి? 1882లో న్యూయార్కులో ఎడిసన్ పెట్టిన విద్యుత్ కేంద్రం ఆనాటి బొగ్గుతీగ బల్బులకు తగినట్లు సుమారు 110 వోల్టుల ఏకముఖ విద్యుత్తు ఇచ్చింది. తర్వాత ఏకాంతర విద్యుత్తు వచ్చినా ఆ వోల్టుల అలవాటు పోలేదు. ఐరోపాలో మాత్రం 220కి పెంచుకున్నారు. వోల్టులు రెట్టింపయితే అదే సామర్థ్యానికి ప్రవాహం సగమవుతుంది, తీగలో వృథా నాలుగో వంతుకు దిగుతుంది. రాగి ఆదా! బ్రిటిష్ వారి ద్వారా మనకు వచ్చింది ఈ పద్ధతే. జపానుది మరీ వింత. 1890లలో టోక్యోవారు జర్మనీ యంత్రాలు, ఒసాకావారు అమెరికా యంత్రాలు కొన్నారు. నేటికీ ఆ దేశానికి తూర్పున 50, పడమట 60 హెర్ట్జ్‌లు. 2011లో భూకంపం, సునామీ వచ్చి తూర్పున విద్యుత్తు కరువైనప్పుడు, పౌనఃపున్యం మార్చే కేంద్రాలు చాలక పడమటి నుంచి కొద్దిగానే పంపగలిగారు.

అలాగైతే సెల్‌ఫోను ఛార్జరు, ల్యాప్‌టాప్ మాటేమిటి? వాటి చీటీ చూడండి. 100–240 వోల్టులు, 50/60 హెర్ట్జ్‌లు అని ఉంటుంది. ఆ 100 జపాను వోల్టేజి. ఈ చిన్న పెట్టె వచ్చిన విద్యుత్తును మొదట ఏకముఖంగా మార్చి, సెకనుకు వేల సార్లు తుంచి, బుల్లి ట్రాన్స్‌ఫార్మరు గుండా పంపుతుంది. బయటికి వచ్చే వోల్టులు తగ్గితే ఎక్కువసేపు, పెరిగితే తక్కువసేపు స్విచ్చిని మూసి (ఆన్‌లో) ఉంచుతుంది. అందుకే దానికి ఏ దేశమైనా ఒకటే. వీటిని ధైర్యంగా తీసుకెళ్లవచ్చు. ప్లగ్గు ఆకారం మార్చే చిన్న అడాప్టరు చాలు. అది పిన్నులను మాత్రమే మారుస్తుంది, వోల్టులను కాదు. దుకాణంలో దీన్ని చూసి మోసపోయేవారు చాలామంది. టీవీకి కూడా అలాంటి చీటీయే ఉండవచ్చు, కాని గాలిలో వచ్చే ప్రసారాల పద్ధతి అక్కడ వేరు. అంత పెద్ద అద్దాన్ని మోసుకెళ్లడం నాకైతే దండగ అనిపిస్తుంది.

మరి అమ్మమ్మ కోరిక? మన దేశంలోనే 110 వోల్టుల మిక్సీలు తయారవుతున్నాయి, అక్కడి 120కి అవి పనికివస్తాయి. కొనేముందు చీటీ మీద 60 హెర్ట్జ్‌లు కూడా ఉన్నాయేమో చూడండి. ఇంట్లో ఉన్న పాత మిక్సీని అమ్మమ్మకే ఉంచేయండి.

ఒక్క జాగ్రత్త. ఆ మిక్సీ నాలుగేళ్ల తర్వాత ఇంటికి తిరిగిరావచ్చు. అప్పుడు లెక్క తలకిందులవుతుంది. 120 వోల్టుల వేడి వస్తువును మన 230కి తగిలిస్తే వాట్లు మూడున్నర రెట్లు దాటుతాయి. 1000 వాట్ల టోస్టరు 3600 పైచిలుకు వాట్లు లాగి కాలిపోతుంది. మిక్సీ మోటారుకూ అదే గతి. దాని తీగ చివర, ప్లగ్గు పక్కనే, "110" అని పెద్ద అక్షరాలతో రాసిన చీటీ ఇప్పుడే అంటించి పంపండి.