తిరగేసి చూడండి

మెమోరియల్ డే దాటిందంటే చాలు, మా వీధి చివర కరెంటు స్తంభాలకి అట్టముక్కలు మొలుస్తాయి. ఒక బాణం గుర్తు, ఇంటి నంబరు, కింద "యార్డ్ సేల్, శనివారం ఎనిమిదింటికి". అవి కనపడగానే నా కారు దానంతటదే మెల్లబడుతుందని మా ఆవిడ ఫిర్యాదు. "ఎవరో వాడి వదిలేసిన సామాను. అందులో సగం పోయినవాళ్ళవి. అవి మనింటికెందుకండీ?" అని పెళ్ళయిన కొత్తలో అడిగింది. ఇప్పటికీ అడుగుతూనే ఉంది.

ఆ ప్రశ్నని తేలిగ్గా తీసిపారెయ్యలేను. పాతసామాను కొనడమంటే మనవాళ్ళకి కాస్త నామోషీ. వచ్చిన కొత్తలో ఎవరో బయట పెట్టేసిన సోఫాని నలుగురం కలిసి మోసుకొచ్చుకున్న వాళ్ళమే, కానీ ఆ సంగతి ఇప్పుడు పిల్లల ముందు చెప్పుకోం. దాని మీద మైల, ఎంగిలి అనే శంకలు కూడా ఉన్నాయి. అయినా పదేళ్ళుగా నా వేసవి శనివారాలు ఈ సంతల్లోనే గడుస్తున్నాయి. ఆ తిరుగుళ్ళలో నేర్చుకున్నది నలుగురితో పంచుకుందామనే ఈ వ్యాసం.

ముందు సంతల్లో రకాలు. యార్డ్ సేల్ అంటే ఇంటివాళ్ళే గరాజ్ ఖాళీ చేసుకోవడం. పిల్లల సైకిళ్ళు, ప్లాస్టిక్ బొమ్మలు ఎక్కువ, పాతవి తక్కువ. ఎస్టేట్ సేల్ అలా కాదు. ఇంటి పెద్దవాళ్ళు పోయాకో, వృద్ధాశ్రమానికి వెళ్ళాకో, ఇల్లు మొత్తాన్ని ఒక కంపెనీకి అప్పజెప్తారు. వాళ్ళు స్పూన్లతో సహా ప్రతి వస్తువుకీ ధర చీటీ అంటిస్తారు. మనం వాళ్ళ పడగ్గదిలోకి కూడా నడిచి వెళ్ళొచ్చు. మొదటిసారి వెళ్ళినప్పుడు ఒక అలమరలో పెళ్ళి ఫోటో ఆల్బమ్ మీద రెండు డాలర్ల చీటీ చూసి, ఏమీ కొనకుండా బయటికి వచ్చేశాను.

ఇక అసలైన తిరనాళ్ళు చూడాలంటే మా మాసచూసెట్స్‌లో బ్రిమ్‌ఫీల్డ్ వెళ్ళాలి. 1959లో గోర్డన్ రీడ్ అనే ఆయన మొదలుపెట్టిన సంత ఇది. ఏడాదికి మూడుసార్లు, మే, జూలై, సెప్టెంబరు నెలల్లో, మంగళవారం నుంచి ఆదివారం దాకా జరుగుతుంది. రూట్ 20కి అటూ ఇటూ పొలాలన్నీ గుడారాలతో నిండిపోతాయి. ఒక్కో పొలం ఒక్కొక్కళ్ళది, అన్నీ ఒకే రోజున తెరవరు, కొన్నింటికి ప్రవేశ రుసుము ఉంటుంది. వ్యాపారులు చీకటితోనే టార్చిలైట్లు పట్టుకుని వచ్చి మంచివి ఏరుకుపోతారు. మనలాంటి ఉద్యోగస్తులకి మిగిలేవి శనాదివారాలే. అందులోనూ ఒక లాభముంది. ఆదివారం మధ్యాహ్నానికి, మళ్ళీ వ్యానులోకి ఎక్కించుకునే ఓపిక లేనివాడు ధర దానంతటదే తగ్గిస్తాడు. బేరం మన రక్తంలోనే ఉంది గాని, ఇక్కడ సగానికి అడిగితే మొహం తిప్పేసుకుంటారు. "ఇంతకన్నా ఏమైనా తగ్గుతుందా?" అని నవ్వుతూ అడిగి, నగదు చేతిలో కనపడేలా పెట్టుకుంటే చాలు.

కానీ బేరం కన్నా ముందు నేర్చుకోవాల్సిన విద్య ఒకటే. వస్తువుని చేతిలోకి తీసుకుని తిరగెయ్యాలి. పైన ఉన్నది అందం, అడుగున ఉన్నది చరిత్ర.

అడుగున ఏ దేశం పేరుందో చూస్తే కాలం కొంత తెలుస్తుంది. 1890లో వచ్చిన మెకిన్లీ సుంకాల చట్టం ప్రకారం, ఆ మరుసటి సంవత్సరం నుంచి ఈ దేశానికి దిగుమతయ్యే వస్తువుల మీద పుట్టిన దేశం పేరు ఉండాలి. జపాన్ పింగాణీ మీద "నిప్పాన్" అని ఉంటే సుమారు 1921కి ముందుది, "జపాన్" అని ఉంటే తర్వాతది. "ఆక్యుపైడ్ జపాన్" అని ఉంటే రెండో ప్రపంచయుద్ధం తర్వాత, 1952 లోపల, అమెరికన్ సైన్యం అక్కడ ఉన్న రోజులది. ఒక టీ కప్పు అడుగున రెండు మాటల్లో ఒక దేశం ఓటమి రాసి ఉంటుందన్నమాట. అయితే ఏ పేరూ లేదు కాబట్టి 1891కి ముందుదే అని అమ్మేవాడు చెప్తే నమ్మకండి. కాగితపు చీటీలు ఊడిపోతాయి, ప్రయాణికులు పెట్టెలో పెట్టి తెచ్చుకున్న వాటికి ముద్రలే ఉండవు.

వెండి విషయంలో నేను డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నాను. ఒక టీ సెట్టు అడుగున చిన్న చిన్న చతురస్రాల్లో ఇంగ్లీషు అక్షరాలు కనపడ్డాయి. అచ్చం బ్రిటిష్ వెండి ముద్రల్లా ఉన్నాయని మురిసిపోయి రెండొందల డాలర్లు పోశాను. ఇంటికొచ్చి భూతద్దం పెట్టి చూస్తే అవి ఇ, పి, ఎన్, ఎస్. అంటే నికెల్ సిల్వర్ మీద వెండి పూత. ఆ నికెల్ సిల్వర్‌లో వెండి చుక్క కూడా ఉండదు. రాగి, నికెల్, జింకు కలిపిన లోహం. మన పెళ్ళిళ్ళలో కానుకలుగా తిరిగే జర్మన్ సిల్వర్ ఇదే. అసలైన బ్రిటిష్ వెండి మీద నడుస్తున్న సింహం బొమ్మ ఉండాలి. పక్కన ఊరి గుర్తు ఉంటుంది, లంగరు అయితే బర్మింగ్‌హామ్, చిరుతపులి తల అయితే లండన్. ఏ సంవత్సరానిదో చెప్పే అక్షరం కూడా ఉంటుంది. అమెరికన్ వెండి అయితే "స్టెర్లింగ్" అనే మాట చాలు, అంటే వెయ్యికి 925 పాళ్ళు వెండి. "వెయిటెడ్" అని కూడా ఉంటే జాగ్రత్త, బరువంతా లోపల కూరిన సిమెంటుదో, కీలుదో. అయస్కాంతం వెండి పరీక్షకి పనికిరాదు, ఎందుకంటే జర్మన్ సిల్వర్‌కీ అది అతుక్కోదు. ఇత్తడికి మాత్రం భేషుగ్గా పనిచేస్తుంది. అతుక్కుందంటే ఇనుము మీద ఇత్తడి పూత.

మా ఆవిడ నోటి వెంట మెచ్చుకోలు వచ్చింది ఒక్క వస్తువుకే, అది పోత ఇనప పెనం. పెన్సిల్వేనియాలో ఈరీ అనే ఊళ్ళో గ్రిస్‌వోల్డ్ కంపెనీ 1865 నుంచి 1957 దాకా వీటిని పోసింది. అడుగున వృత్తంలో శిలువ లాంటి గుర్తు, లోపల కంపెనీ పేరు, ఊరి పేరు ఉంటాయి. ఒహాయోలో వాగ్నర్ వాళ్ళవీ ఇంచుమించు అంత మంచివే. ఇప్పుడు కొట్లో దొరికే చాలా పెనాలు ఇసుక అచ్చులోంచి తీసినవి తీసినట్టే గరుగ్గా ఉంటాయి. ఆ రోజుల్లో లోపలి వైపు నున్నగా సానపట్టేవాళ్ళు, పోత కూడా పల్చగా ఉండేది. అట్టు ఎందుకు అంటుకోదో వేరే చెప్పక్కర్లేదు. పెనం మీద వేసిన 8, 9 అంకెలు అంగుళాలనుకోకండి. అవి పాత కట్టెల పొయ్యి మీద రంధ్రాల సైజులు. 8వ నంబరు స్కిల్లెట్ పైభాగం పదిన్నర అంగుళాలు.

తుప్పు చూసి వెనక్కి తగ్గకండి, తుప్పు పోతుంది. బీట పోదు. వేలి కణుపుతో కొడితే గంటలా మోగాలి, డొల్లగా పలికితే ఎక్కడో బీట ఉందన్నమాట. బల్లమీద బోర్లించినప్పుడు ఊగిసలాడితే వంగినట్టు, గ్లాస్ స్టవ్ మీద పనికిరాదు. అన్నిటికన్నా ముఖ్యం ఇంకొకటుంది. తుపాకి గుళ్ళకీ, చేపల గాలాలకీ కొందరు ఇలాంటి పాత్రల్లోనే సీసం కరిగించేవాళ్ళు. లోపల బూడిదరంగు మరకలు, మెత్తటి లోహపు చుక్కలు కనిపిస్తే ఎంత చవకైనా వదిలెయ్యండి. హార్డ్‌వేర్ షాపుల్లో సీసం పరీక్షకి పుల్లలు దొరుకుతాయి, పట్టుకెళ్ళండి. చిన్నపిల్లలున్న ఇంట్లో ఇది ఆషామాషీ కాదు. 1978కి ముందు రంగువేసిన బల్లలకీ, బొమ్మలకీ, ఉయ్యాలలకీ కూడా ఇదే మాట. ఆ ఏడాదిదాకా ఇళ్ళ రంగుల్లో సీసం కలిపేవాళ్ళు.

దీంతో కోటీశ్వరులవుతామా అని మిత్రులు అడుగుతుంటారు. 1989లో పెన్సిల్వేనియాలో ఆడమ్స్‌టౌన్ సంతలో ఒకాయన నాలుగు డాలర్లకి ఒక బొమ్మ కొన్నాడు, దాని ఫ్రేము నచ్చి. వెనక మడత పెట్టిన కాగితం 1776 నాటి స్వాతంత్ర్య ప్రకటన తొలి ముద్రణ ప్రతి. 1991లో అది ఇరవై నాలుగు లక్షల డాలర్లు దాటి పలికింది. దీనికి వ్యతిరేకమైన కథా ఉంది. సంతలో ఏడు డాలర్లకి కొన్నానని ఒకావిడ వేలానికి పెట్టబోయిన రెన్వా చిత్రం, 1951లో బాల్టిమోర్ మ్యూజియం నుంచి దొంగతనంగా పోయినదని తేలింది. 2014లో కోర్టు దాన్ని మ్యూజియానికే ఇప్పించింది. పదేళ్ళలో నా సంపాదన లెక్కేస్తే పెట్రోలు ఖర్చు కూడా రాలేదు.

ఇండియా సామాను కూడా ఈ సంతల్లో బాగానే కనపడుతుంది. ఎక్కువభాగం మొరాదాబాద్ నుంచి ఎగుమతైన ఇత్తడి పూలకుండీలు, కొవ్వొత్తి స్తంభాలు. అవంత పాతవేమీ కావు. ఎప్పుడైనా ఒక మరచెంబో, కంచు గిన్నో దొరికితే ప్రాణం లేచొస్తుంది. వంటకి వాడదామనుకుంటే మాత్రం ఇత్తడికీ రాగికీ లోపల కళాయి ఉండాలని మర్చిపోకండి.

కొన్నేళ్ళ క్రితం బ్రిమ్‌ఫీల్డ్‌లో జరిగింది మాత్రం చెప్పాలి. ఒక పెద్దావిడ గుడారంలో గాజు అరలో జానెడు పెట్టె ఉంది. తెల్లటి పలకల మీద నల్లటి గీతల్లో పూలతీగెలు, మూత మీద ఒక ఇంగ్లీషు భవనం. ఆవిడ మూత తీసి "వాసన చూడండి" అంది. గంధం. "ఇండియాలో మీదే ప్రాంతం?" అనడిగింది. విశాఖపట్నం అన్నాను. ఆవిడ కళ్ళు పెద్దవి చేసి, "విజగపటమా? ఇది మీ ఊరిదే!" అంది.

నేను పుట్టిందీ, ఇంజనీరింగ్ చదివిందీ ఆ ఊళ్ళోనే. ఇలాంటి పని అక్కడ జరిగేదని అప్పటిదాకా నాకు తెలీదు. పద్దెనిమిదో శతాబ్దంలో ఈస్టిండియా కంపెనీ తెల్లవాళ్ళ కోసం విశాఖ పనివాళ్ళు గంధపు చెక్క పెట్టెలకి పల్చటి ఏనుగుదంతపు రేకులు తాపి, వాటి మీద సన్నగా చెక్కి, ఆ గీతల్లో నల్లలక్క నింపేవాళ్ళు. పంతొమ్మిదో శతాబ్దంలో తాబేటి చిప్ప, గేదె కొమ్ము, జాలీలా కోసిన దంతం వచ్చి చేరాయి. కుట్టుపని పెట్టెలు, టీ పొడి పెట్టెలు, రాతబల్లలు ఓడలెక్కి ఇంగ్లండు వెళ్ళాయి. లండన్‌లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో వాటిని చూడొచ్చు. పురాతన వస్తువుల వ్యాపారంలో ఇప్పటికీ వీటిని "విజగపటం" పెట్టెలనే పిలుస్తారు. దంతమో, ఎముకో తెలుసుకోవడం ఎలాగో కూడా ఆవిడే చూపించింది. ఎముకకి భూతద్దంలో సన్నటి నల్లచుక్కలు కనపడతాయి, దంతానికి ఉండవు.

నేను కొనలేదు. ధర ఒక కారణం, చట్టం అసలు కారణం. 2016 జూలై నుంచి ఈ దేశంలో ఏనుగుదంతం వ్యాపారం దాదాపు నిషేధం. వందేళ్ళు దాటిన వాటికి మినహాయింపు ఉంది గాని, దాటిందని కాగితాలతో రుజువు చేసుకోవాల్సింది మనమే. న్యూయార్క్, కాలిఫోర్నియా లాంటి రాష్ట్రాల్లో ఇంకా కఠినం. తాబేటి చిప్పకీ ఆంక్షలున్నాయి. అనుమతుల్లేకుండా ఇలాంటిది విమానంలో పట్టుకెళ్ళడం కొరివితో తల గోక్కోవడమే. ఆవిడ దగ్గర ఆ పెట్టెకి ఏ కాగితమూ లేదు.

వెనక్కి వస్తుంటే కారులో మా అమ్మాయి అడిగింది, "మనింట్లో అలాంటి పాతవి ఏవీ లేవా నాన్నా?" అని. ఉండేవి. మా నాయనమ్మ సారెలో వచ్చిన గంగాళం, కంచు కంచాలు, రాగి బిందె. నా చిన్నప్పుడు స్టీలు సామాన్లవాడు తోపుడుబండి మీద వచ్చి, వాటిని కిలోల లెక్కన తూచుకుని ఒక స్టీలు బిందె, టిఫిన్ క్యారియర్ ఇచ్చి వెళ్ళాడు. ఇప్పుడు తలుచుకుంటే నాకు కడుపు తరుక్కుపోతుంది గాని, నాయనమ్మ ఆరోజు ఎంత సంతోషపడిందో నాకు గుర్తుంది. రోజూ చింతపండు పెట్టి వాటిని తోమినవి ఆవిడ చేతులే.

ఇంటికొచ్చాక మా అమ్మాయి వంటింటి అలమరలో గిన్నెలన్నీ కిందికి దించి, ఒక్కొక్కటే తిరగేసి చూడటం మొదలుపెట్టింది. పెళ్ళికి వచ్చిన స్టీలు గిన్నెలు, గ్లాసులు, మేం ఇక్కడికి వచ్చేటప్పుడు సూట్‌కేసులో కుక్కి తెచ్చుకున్నవి. మనవాళ్ళు పాత్ర కొన్నప్పుడు పేరు కొట్టిస్తారు కదా. ఇంగ్లీషు వెండి మీద ముద్ర ఎవరు చేశారో చెప్తుంది, మన గిన్నె మీద పేరు ఎవరిదో, ఎవరిచ్చారో చెప్తుంది. దానికి తెలుగు చదవడం అంతంతమాత్రం. ఒక్కో గిన్నే తెచ్చి, మీద ఉన్న అక్షరాలు కూడబలుక్కుంటూ అడుగుతుంటే మా ఆవిడ చెప్పుకొచ్చింది. ఇది అమ్మమ్మ పేరు, ఇది మా మేనత్తది, ఈ తేదీ మా గృహప్రవేశానిది. పాతసామాను మనకెందుకండీ అన్న మనిషి నేల మీద కూచుని, అప్పటికి గంట పైనే అయింది.

ఒక్క లోటా దగ్గర ఆగిపోయాం. దాని మీద పేరు మా ఇద్దరికీ తెలీదు. మూడు పొడి అక్షరాలు, ఎప్పుడూ వినని ఇంటిపేరు. ఇరవై ఏళ్ళుగా అందులోనే మంచినీళ్ళు తాగుతున్నాం. వైజాగ్‌లో పొద్దున్నయ్యేదాకా ఆగి మా అమ్మకి ఫోన్ చేసి అడిగాను. అమ్మ కాసేపు ఆలోచించింది.

"అది ఎదురింటివాళ్ళదిరా! నీ పెళ్ళిలో మనవాటిల్లో కలిసిపోయినట్టుంది. ఆవిడ ఇప్పటికీ అడుగుతూ ఉంటుంది. ఈసారి వచ్చేటప్పుడు మర్చిపోకుండా పట్టుకురా."