అడుగుట యాచన కాదు

తెలుగువారు మొహమాటమును సుగుణముగా నెంచుదురు. విందులో అది శోభించును గాని, పద్దులో శోభింపదు. ఇంటికి గేటు చేసి యిచ్చిన వెల్డరు, బడి వార్షికోత్సవమునకు మైకు కట్టినవాడు, పెండ్లి ఫోటోలు తీసినవాడు, శుభలేఖలు అచ్చువేసినవాడు పనివేళ ఎంత చురుకో, పైకము అడుగవలసినవేళ అంత బెరుకు. అడిగినచో గిరాకి పోవునేమో యని భయము. అడుగకున్న ఇల్లు గడువదు. మర్యాద చెడకుండ అడుగు మార్గమేదియను ప్రశ్న చిన్నదిగా కనిపించును గాని, ఎన్నో కుటుంబముల బ్రతుకు దానిపై నాధారపడియున్నది.

ఈ ప్రశ్నకు మన భాషలోనే కొంత సమాధానము కలదు. యాచకుడు తనది కానిదానిని కోరును. పనివాడు తనదైనదానిని కోరును. బాకీ యను మాట అరబ్బీనుండి వచ్చినది; దానికి 'మిగిలినది' యని యర్థము. వసూలు అనగా 'చేరుట'. మిగిలినది చేరవలసిన చోటికి చేరవలెననుటలో దైన్యమెక్కడిది? మన పూర్వుల ధర్మశాస్త్రములును ఇట్లే తలచినవి. మనుస్మృతి పేర్కొనిన 18 వ్యవహారపదములలో ఋణాదానము మొదటిది. వేతనము ఈయకుండుట మరియొకటి. 13వ శతాబ్దమున కేతన విజ్ఞానేశ్వరీయమును రచించి ధర్మశాస్త్ర విషయములను తెలుగు పద్యములలోనికి తెచ్చెను. ఇయ్యవలసినది ఈయకుండుట రెండిండ్ల నడుమ గుట్టు కాదు, న్యాయసభకెక్కదగిన విషయమని దీనివలన తేలుచున్నది.

శాస్త్రము మాట అటుంచి, పల్లె వాడుకను చూతము. కామారెడ్డి జిల్లా నాగిరెడ్డిపేట మండలమున పోచారము కలదు. అచ్చట ఆలేరు వాగుపై నిజాము కాలమున, 1922లో, జలాశయము నిర్మింపబడినది. దాని కాలువల క్రింద నాగిరెడ్డిపేట, ఎల్లారెడ్డి ప్రాంతములలో వరి పండుచున్నది. వరి పండు సీమలో డబ్బునకు ఋతువులున్నవి. వానకాలపు కోతలైన పిమ్మటను, యాసంగి కోతలైన పిమ్మటను చేతులాడును; నాట్లవేళ బిగియును. ఈ సంగతి తెలిసిన పూర్వపు తెలంగాణ పల్లె, అడుగుటకు ఒక చోటును ఒక వేళను ఏర్పరచుకొన్నది. ఆ చోటు కళ్ళము.

కమ్మరి ఏడాది పొడుగున కర్రులు సాగగొట్టెడివాడు, వడ్రంగి నాగళ్ళు చెక్కెడివాడు, చాకలి బట్టలుతికెడివాడు, చెరువు క్రింద నీరటి మడులకు నీరు పారించెడివాడు. పని జరిగిన ప్రతిదినమును వారు చేయి చాచలేదు. పంట నూర్చిన నాడు కళ్ళము వద్దకు వచ్చి, తమ ఆయమును కొలిపించుకొని పోయెడివారు. ఊరంతకును తెలిసిన హక్కు గనుక అడుగుట సిగ్గు కాలేదు. అట్లని ఆ పద్ధతిని స్వర్గముగా వర్ణించుట తగదు. వృత్తి కులమునకు కట్టుబడియుండెను. కొలపాత్ర ధాన్యము గలవాని చేతిలోనే యుండెను. కొలత తగ్గినను ఎదురాడుట కష్టము.

అంతకంటె చీకటిది వెట్టి. దొర పిలిచిన పోవలెను, చేయవలెను. ప్రతిఫలము అడుగుటయే నేరము. నిజాం రాష్ట్రాంధ్ర మహాసభ తొలి సమావేశము 1930లో ఇక్కడికి చేరువనున్న జోగిపేటలోనే, సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన జరిగినది. వెట్టిని రూపుమాపుట ఆ ఉద్యమపు ప్రధానాశయములలో నొకటి. 1946 నుండి 1951 వరకు సాగిన తెలంగాణ రైతాంగ పోరాటములోను వెట్టి ముఖ్య కారణము. 1976 నాటి చట్టము వెట్టిచాకిరిని దేశమంతటను నిషేధించినది. అడుగు నోరు మూసినచో పని ఏమగునో ఈ సీమ యెరుగును. ఇచ్చుటలో జాగు చేయువారందరు దొరలు కారు. కాని ఈయని కూలి నెలలు గడచినకొలది వెట్టి పోలికలు దాల్చుచుండును.

నేడు చేతిపనివాడు కులమునకు గాని, ఊరికి గాని కట్టుబడిలేడు. ఆ స్వేచ్ఛతోపాటు కళ్ళమును పోయినది. కావున అతడు తన కళ్ళమును తానే ఏర్పరచుకొనవలెను. పని మొదలిడకముందే వెల, బయానా, మిగిలినది చెల్లించు తేది కాగితముపై నుండవలెను. గిరాకి రైతైనచో, వడ్ల పైసలు ఖాతాలో పడిన వారములోపల నని వ్రాసికొనుట ఉభయులకు సుఖము. పని అప్పగించిన నాడే బిల్లు చేతికీయవలెను. గడువునకు రెండుదినముల ముందు ఒక మాట జ్ఞాపకము చేయుట తప్పు కాదు. గడువు దాటినపిమ్మట నలుగురిలో గాక ఒంటరిగా నున్నప్పుడు, మనిషిని గూర్చి గాక పనిని గూర్చి మాటలాడవలెను. "అన్నా, గేటు అప్పజెప్పి నెల దాటింది. ఒప్పుకున్న దాంట్ల ఆరు వేలు మిగిలినయి. ఈ సోమవారం ఇస్తరా, వచ్చే సోమవారం ఇస్తరా, మీకేది వీలో చెప్పుండ్రి." ఇందులో నింద లేదు, దీనత లేదు. పిల్లల ఫీజులు, ఇంటి జబ్బులు ఏకరువు పెట్టినచో హక్కు కాస్త యాచనగా మారును. అవతలివానికి నిజముగా చేతులాడకున్నచో వాయిదాలకు ఒప్పుకొనుట ఔదార్యమే. ఆ వాయిదాలకును తేదులుండవలెను.

మంచిమాటకు వెనుక చట్టబలము కూడ నున్నది. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల చట్టము ప్రకారము, నమోదైన సూక్ష్మ, చిన్న ఉత్పత్తిదారులకును సేవలందించువారికిని సొమ్ము ఒప్పుకొన్న తేదికి చెల్లింపవలెను. ఆ గడువు 45 దినములను మించరాదు. ఒప్పందము లేనిచో 15 దినములే. జాగు చేసినచో రిజర్వు బ్యాంకు ప్రకటించు బ్యాంకు రేటునకు మూడురెట్లు చొప్పున, నెలనెలకు చక్రవడ్డి కట్టవలెను. ఇంగ్లండులో సైతము 1998లో ఇట్టి వడ్డి చట్టము వచ్చినది. మన 1963 నాటి కాలపరిమితి చట్టమును బట్టి పనివెలకు దావా వేయుటకు సాధారణముగా మూడేండ్లు గడువు. ఆలోపల బాకీదారు బాకీని ఒప్పుకొని సంతకముతో వ్రాసి యిచ్చినచో, నాటినుండి గడువు మరల మొదలగును. కావున మర్యాదగల ఉత్తరమునకు వచ్చిన మర్యాదగల జవాబు ఒక పత్రముగా పనికివచ్చును.

మన బడులలో లేఖారచన నేర్పుచున్నారు. సెలవు చీటి వ్రాయని విద్యార్థి లేడు. రావలసిన సొమ్మును అడుగుచు ఉత్తరము వ్రాసిన విద్యార్థి అరుదు. రేపు వీరిలో ఎందరో సొంతపనులు పెట్టుకొందురు. చేసిన పని, మిగిలిన మొత్తము, కోరు తేది, చివర నమస్కారము: నాలుగు వాక్యముల యీ ఉత్తరమును ఒక పీరియడులో నేర్పవచ్చును. అంతకుముందు ఉపాధ్యాయులు చేయదగిన పని మరొకటి కలదు. బడి పండుగకు మైకు కట్టినవానికి, ప్రశంసాపత్రములు అచ్చువేసినవానికి ఇంకను ఏమైన మిగిలియున్నదేమో చూచి, వారు అడుగకముందే చెల్లించుట. ఆ పాఠమును పిల్లలు పుస్తకము లేకయే నేర్చుకొందురు.