సూట్‌కేసులో వచ్చిన మందు

ఇండియా వెళ్ళొచ్చిన వాళ్ళ సూట్‌కేసు తెరిస్తే ఆవకాయ, కందిపొడి, చీరల మధ్య ఎక్కడో ఒక మందు పొట్లం కూడా ఉంటుంది. "షుగరుకి మా ఊళ్ళో ఒకాయన ఇస్తాడు. అన్నీ ఆకులూ వేళ్ళే, హాని ఏమీ లేదు" అంటారు. ఇచ్చేవాళ్ళ ప్రేమను శంకించనక్కర లేదు. "హాని లేదు" అన్న మాటనే కాస్త తరచి చూడాలి.

అసలు ఆ పొట్లం మీద మనకెందుకంత నమ్మకం? ఇక్కడి డాక్టరుగారు కంప్యూటరు వైపు చూస్తూ నాలుగు మాటలడిగి వెళ్ళిపోతారు. అక్కడి వైద్యుడు నాడి పట్టుకుని, నిద్ర పడుతోందా, ఆకలేస్తోందా అని మన భాషలో అడుగుతాడు. ఆ ఆదరణకే సగం ఊరట. పైగా కీళ్ళనొప్పులు, ఉబ్బసం లాంటివి వాటంతటవే పెరిగి తగ్గుతూ ఉంటాయి. బాధ ముదిరినప్పుడే మనం కొత్త మందు వెతుక్కుంటాం. తర్వాత అదే తగ్గుముఖం పట్టినా పేరు మాత్రం మందుకి వస్తుంది.

ఇక పొట్లంలో ఏముందో చూద్దాం. బోస్టన్ ప్రాంతపు మన సరుకుల కొట్లలో అమ్మే 70 ఆయుర్వేద మందులను పరీక్షిస్తే 14 మందుల్లో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటైనా కనిపించిందని 2004లో ఒక వ్యాసం వచ్చింది. ఇంటర్నెట్‌లో కొన్న 193 మందుల మీద 2008లో వచ్చిన ఫలితమూ అంతే, ఐదింట ఒకటి. అమెరికాలో తయారైనవీ ఇందుకు మినహాయింపు కాదు. ఇదంతా కల్తీ అనుకోకండి. రసశాస్త్రంలో లోహాలను శుద్ధి చేసి భస్మంగా వాడటం పద్ధతే. నాగభస్మం అంటే సీసమే.

సీసాన్ని మన శరీరం కాల్షియం అనుకుని ఎముకల్లో దాచుకుంటుంది. తల్లి కడుపుతో ఉన్నప్పుడు అది మళ్ళీ రక్తంలోకి వచ్చి బిడ్డకి చేరుతుంది. కడుపునొప్పి, మలబద్ధకం, నీరసం దాని లక్షణాలు. వాటికి మళ్ళీ అదే మందు ఇంకో మోతాదు వేసుకునే వాళ్ళున్నారు!

విషం లేని మందుతోనూ ఒక ప్రమాదం ఉంది. అది ఉంది కదా అని అసలు మందు మానేయడం. టైప్ 1 మధుమేహం ఉన్న పిల్లలకి ఇన్సులిన్ మానిపిస్తే కొద్దిరోజుల్లోనే ప్రాణం మీదికి వస్తుంది.

అలాగని మూలికలన్నీ వట్టివని కాదు. సర్పగంధి వేరు రక్తపోటును తగ్గిస్తుందని బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ 1949లో రోగుల మీద పరిశీలించి ప్రకటించారు. 1952లో అందులోంచి రెసర్పిన్ వేరుచేశారు. అది ఎంత ఇవ్వాలో, ఏ ఇబ్బందులు రావచ్చో పరీక్షల వల్లే తెలిసింది. అమెరికాలో 1994 చట్టం ప్రకారం "సప్లిమెంటు" పేరుతో అమ్మే వాటికి గుణముందని ముందుగా ప్రభుత్వానికి రుజువు చూపనక్కర లేదు. కాబట్టి సీసా మీది రాతలు చూసి ధైర్యపడలేం.

అమ్మ పంపిన మందు పారేయమంటే ఎవరికైనా కష్టమే. కనీసం డాక్టరు దగ్గర దాచకండి. ఆ పొట్లం పట్టుకెళ్ళి చూపించండి. కొన్నాళ్ళుగా వాడుతుంటే రక్తంలో సీసం ఎంతుందో పరీక్ష చేయించుకోండి. ఇంట్లో గర్భిణీ స్త్రీలు, పసిపిల్లలు ఉంటే ఇది అసలు వాయిదా వేయకండి.