జకాత్ చేరాల్సింది ఫోనుకు కాదు, హక్కుదారుకు

ఇస్లాం మూలస్తంభాల్లో జకాత్ ఒకటి. నిసాబ్ మేరకు సంపద ఉండి, దానిపై చాంద్రమాన సంవత్సరం గడిస్తే నూటికి రెండున్నర వంతు తీయడం విధి. అది ధనికుని దయ కాదు, పేదవాని హక్కు. ఆ హక్కుదారులెవరో దివ్యఖుర్ఆన్ తౌబా సూరా 60వ ఆయత్‌ ఎనిమిది వర్గాలుగా తెలిపింది.

2016లో యూపీఐ వచ్చాక జకాత్ పంపడం సులువైంది. మందమర్రి గని కార్మికుడు సింగరేణి లాభాల వాటాలో, బోనసులో దాచుకున్న సొమ్ముకు లెక్క కట్టి, షిఫ్టు దిగి ఇంటికొచ్చాక నిమిషంలో పంపేయవచ్చు. మూడో కంటికి తెలియకుండా పేదలకిచ్చే దానం మరింత మేలన్నది బఖరా సూరా 271వ ఆయత్ బోధ. ఫోను ఆ గోప్యతను సాధ్యం చేసింది. రంజాన్‌లో పేదలు గుమ్మాల ముందు నిలబడే అవమానం తప్పుతుంది. అయితే అందుకున్నవారి ఫోటోలను వాట్సాప్‌లో పెడితే ఆ మేలంతా పోయినట్లే.

మరి ఫోను లేని వృద్ధురాలి సంగతేమిటి? ఆమె కోసం పంపిన సొమ్ము ఇంకొకరి నంబరుకు వెళ్ళి అక్కడే ఆగిపోతే? హక్కుదారు ఆ సొమ్ముకు యజమాని అయినప్పుడే జకాత్ చెల్లుతుందని హనఫీ ధర్మశాస్త్రం చెబుతోంది. దీన్నే తమ్లీక్ అంటారు. మనం నియమించుకున్న మధ్యవర్తి మన ప్రతినిధి మాత్రమే. అతని చేతిలో ఉన్నంతవరకు మన బాధ్యత తీరదు. కనుక ఆమె పేరిట ఉన్న బ్యాంకు, పోస్టాఫీసు ఖాతాకే పంపాలి. లేదా నగదు చేతికివ్వాలి. అందిందో లేదో స్వయంగా తెలుసుకోవాలి.

ఇంకో మాట. యాచించ వచ్చిన ఒక అన్సారీ ఇంట్లోని దుప్పటిని, గిన్నెను దైవప్రవక్త (స) రెండు దిర్హములకు వేలం వేశారు. ఒక దిర్హముతో ఇంటికి తిండి, రెండో దానితో గొడ్డలి కొనమన్నారు. దానికి తమ చేత్తోనే పిడి అమర్చి, కట్టెలు కొట్టి అమ్ముకోమని పంపారు. పదిహేను రోజుల్లో అతను పది దిర్హములు సంపాదించాడని అబూదావూద్ హదీసు గ్రంథంలో ఉంది.

పదిమంది తమ జకాత్‌ను చిన్న మొత్తాలుగా ఎందరికో పంచితే పండుగ గడుస్తుంది. అదే పదిమంది సంప్రదించుకుని ఒక వితంతువు ఖాతాకు పంపితే కుట్టుమిషను వస్తుంది. మరుసటి ఏడు మరో ఇంటికి తోపుడు బండి వస్తుంది. నేడు పుచ్చుకున్న చేయి రేపు ఇచ్చే చేయి కావాలి.

హక్కును హక్కుదారుకు చేర్చే సద్బుద్ధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.