లీజియనేర్స్ వ్యాధి: బాధ్యులెవరు?

1976వ సంవత్సరము జూలై మాసము. స్వాతంత్ర్య ప్రకటనము వెలువడి 200 ఏండ్లు నిండినవని అమెరికా దేశమంతట ఉత్సవములు జరుగుచున్నవి. ఆ ప్రకటనమునకు పుట్టినిల్లయిన ఫిలడెల్ఫియా నగరములో, బెల్‌వ్యూ స్ట్రాట్‌ఫర్డ్ అను పెద్ద హోటలులో, అమెరికన్ లీజియన్ అను మాజీ సైనికుల సంఘమువారు సభలు జరిపిరి. నాలుగు దినముల సభలు ముగించుకొని ఇండ్లకు చేరినవారిలో పలువురికి తీవ్రమైన జ్వరము, దగ్గు, ఆయాసము పట్టుకొన్నవి. మొత్తము 221 మంది జబ్బుపడగా 34 మంది మరణించిరి. హోటలులో అడుగిడక, దాని ముందరి వీధిని నడచిపోయినవారు కూడ వీరిలో నుండిరి.

ఇది విషప్రయోగమా, అంటువ్యాధియా అని ప్రజలు కలవరపడిరి. అట్లాంటాలోని వ్యాధి నియంత్రణ కేంద్రమున పనిచేయు జోసెఫ్ మెక్‌డేడ్ అను శాస్త్రజ్ఞుడు, ఆ యేటి చివర తన పాత పరీక్షా ఫలకములను మరల పరిశీలించి, అంతవరకు పేరైన లేని ఒక బాక్టీరియాను కనుగొనెను. 1977 జనవరిలో ఈ సంగతి లోకమునకు వెల్లడియైనది. లీజియన్‌వారి పేరు మీదనే దానికి లీజియనెల్లా అని పేరు పెట్టిరి. అది క్రొత్తగా పుట్టినది కాదు. 1968లో మిషిగన్ రాష్ట్రమునందలి పాంటియాక్ పట్టణమున, ఆరోగ్యశాఖ వారి భవనములోనే వ్యాపించిన జ్వరమునకు కారణము ఇదియేనని, దాచియుంచిన రక్తపు నమూనాల వలన తరువాత తేలినది.

ఈ క్రిమి చెరువులలోను ఏరులలోను కొద్దిపాటిగ నుండును. అక్కడ దానివలన హాని అరుదు. మనుష్యుడు కట్టిన గొట్టములలో, తొట్లలో నీరు కదలక నిలిచి, 20 మొదలు 45 డిగ్రీల సెంటిగ్రేడు వరకు వెచ్చబడినప్పుడు అది విరివిగా పెరుగును. పాచి, తుప్పు దానికి ఆశ్రయములు. 60 డిగ్రీలు దాటిన వేడికి అది నశించును. ఆ నీరు త్రాగినంత మాత్రమున సాధారణముగ జబ్బు రాదు. నీరు సన్నని తుంపరలై గాలిలో కలిసి ఊపిరితిత్తులలోనికి పోయినప్పుడే ప్రమాదము. పెద్ద భవనముల ఎయిర్ కండిషనింగ్ యంత్రములకు అమర్చు కూలింగ్ టవర్లు, స్నానపు షవర్లు, అలంకారపు ఫౌంటెన్లు అట్టి తుంపరలను పుట్టించును. రోగి నుండి మరియొకరికి ఇది అంటుట లేదనియే చెప్పవచ్చును.

క్రిమి సోకిన రెండు మొదలు పది దినములలో, కొందరికి మరికొంత ఆలస్యముగ, చలిజ్వరము, దగ్గు, తలనొప్పి, కండరముల నొప్పులు కలుగును. కొందరికి విరేచనములగును, కొందరు మతి చలించినట్లు మాటలాడుదురు. ఏబది ఏండ్లు దాటినవారు, పొగత్రాగువారు, శ్వాసకోశ వ్యాధులున్నవారు ఎక్కువ జాగ్రత్తగ నుండవలెను. రోగులలో సుమారు పదింట ఒకరు మరణింతురు. పెనిసిలిన్ దీనిపై పనిచేయదు. అజిత్రోమైసిన్, లీవోఫ్లాక్సాసిన్ వంటి మందులను ఆలసింపక మొదలిడిన పెక్కుమంది కోలుకొందురు. కావున జబ్బుపడుటకు ముందు ఎక్కడెక్కడ బసచేసినది వైద్యునికి తప్పక చెప్పవలెనని మేము మనవి చేయుచున్నాము.

నీటిని శుభ్రముగ నుంచుట మనుష్యుల పని. ఆ పని మానినవారిని చట్టము ఎట్లు చూచును? ఇంగ్లండులోని బారో ఇన్ ఫర్నెస్ పట్టణపు ఉదంతము ఇందుకు తార్కాణము. 2002 వేసవిలో అచ్చటి పురపాలక సంఘమువారి కళాకేంద్రము నుండి ప్రక్కనున్న ఇరుకు సందులోనికి ఆవిరి వెలువడుచుండెను. ఆ దారిని పోవువారు దానిని పీల్చిరి. 7గురు మరణించిరి, 180 మంది జబ్బుపడిరి. ఎవరి బాధ్యత ఏదో స్పష్టముగ లేదనియు, హెచ్చరికలను పెడచెవిని పెట్టిరనియు విచారణలో తేలినది. సంఘముపై నరహత్యా నేరము మోపిరి గాని, 2005లో న్యాయమూర్తి ఆదేశముపై అది వీగిపోయినది. సంస్థను దోషిగ నిలుపవలెనన్న, దానిని నడుపు ఉన్నతాధికారి ఒకడు స్వయముగ అపరాధియని రుజువు కావలెనని అప్పటి న్యాయసూత్రము. భద్రతా చట్టమును ఉల్లంఘించినందుకు మాత్రము 2006లో సంఘమునకు 1,25,000 పౌనుల జుల్మానా విధించిరి. తరువాత 2007లో బ్రిటిష్ పార్లమెంటు చేసిన చట్టము, పై అధికారుల నిర్వహణలోని ఘోరమైన లోపమునకు సంస్థయే జవాబుదారియగునట్లు మార్పు చేసినది.

అయితే జుల్మానా సొమ్ము బాధితుని ఇల్లు చేరదు. నష్టపరిహారమునకు అతడు వేరుగ సివిలు దావా వేయవలెను. మూడు సంగతులు రుజువు చేయవలెను: ఆ నీటిని కాపాడుట ప్రతివాది విధియని, ఆ విధిలో అతడు అజాగ్రత్త చూపెనని, ఆ అజాగ్రత్త వలననే జబ్బు వచ్చెనని. మూడవది కడు కష్టము. రోగి కఫములోని క్రిమియు, భవనపు నీటిలోని క్రిమియు ఒకే తెగవని పరిశోధనశాల తేల్చినచో అది బలమైన సాక్ష్యము. త్వరలో ఫలితమిచ్చు మూత్రపరీక్ష జబ్బును గుర్తించును గాని, పోల్చిచూచుటకు క్రిమిని ఈయజాలదు. కఫము తీసియుంచకున్నను, నమూనా తీయకమునుపే టవరును కడిగివేసినను ఆ సాక్ష్యము దక్కదు. ఇంగ్లండులో ఇట్టి దావాకు సాధారణపు గడువు మూడేండ్లు.

న్యూయార్కు నగరపు బ్రాంక్స్ ప్రాంతమున 2015లో ఒక హోటలు కూలింగ్ టవరు వలన 138 మందికి జబ్బు సోకి 16 మంది మరణించిరి. రోగులలోని క్రిమి, టవరులోని క్రిమి ఒక్కటేయని అచ్చట నిరూపింపగలిగిరి. ఆ ఆగస్టులోనే నగరమువారు ప్రతి కూలింగ్ టవరును నమోదు చేయించి, క్రమముగ పరీక్షింపవలెనని శాసించిరి. అంతకుముందు నగరములో అట్టి టవర్లు ఎచ్చటెచ్చట నున్నవో తెలుపు జాబితాయే లేకుండెను.

మన ఎండలకు మిద్దెమీది తొట్టిలో నీరు వెచ్చబడుట అందరెరిగినదే. తొట్టిని పాచిపట్టనీయక కడిగించుట, బహుదినములు తాళము వేసియున్న ఇంటికి వచ్చినప్పుడు కొళాయిలను కొంతసేపు వదలి, తుంపర మొగమున పడకుండ ఆ నిలువనీటిని పోనిచ్చుట గృహస్థులు చేయదగిన పనులు. పెద్ద భవనములు గలవారు, నీటిని చూచుకొను బాధ్యత ఫలానా వారిదని ముందే నిర్ణయించి వ్రాసియుంచవలెను. బారోలో ఆ చిన్నపని సరిగా జరుగలేదు.